తయారీలోనే తేలవలసిన భద్రత

పట్టణ శాఖా గ్రంథాలయంలో ఒక సాయంకాలం జరిగిన సభలో చేసిన ప్రసంగమిది. రాలేకపోయినవారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప మరేమీ తీసివేయలేదు.

సభకు నమస్కారం. ముందు వరుసల్లో ఇంజనీరింగ్ విద్యార్థులు కూర్చున్నారు, వారి వెనుక మన బజారు దుకాణదారులు ఉన్నారు, గోడవారగా నిలబడినవారిలో సీసీ కెమెరాలు బిగించే పని చేసుకునేవారు కొందరు కనిపిస్తున్నారు. వెనుక కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, దయచేసి కూర్చోండి. నేను త్వరగా ముగించే మనిషిని కాను.

చెప్పదలచుకున్నది ఒక్కటే విషయం కాబట్టి దాన్ని మొదటే చెప్పేస్తాను. డేటా భద్రత అనగానే మనకు గుర్తొచ్చేవి జాగ్రత్తలు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, తెలియని లింకు నొక్కకండి, కొత్త నంబరు నుంచి వీడియో కాల్ వస్తే ఎత్తకండి. కొంతకాలం పాటు ఎవరికి ఫోను చేసినా ముందు వినిపించిన మాటలు కూడా ఇలాంటివే. అవన్నీ అవసరమైన జాగ్రత్తలే, నేను కాదనడం లేదు. అయితే ఈ జాగ్రత్తలన్నీ ఎవరికి చెబుతున్నారు? వాడుకునేవాడికి చెబుతున్నారు. వస్తువును తయారుచేసినవాడు, అందులో సాఫ్ట్‌వేర్ రాసినవాడు, దాన్ని తెచ్చి మన గోడకు బిగించినవాడు తమ పని తాము చేయకపోతే, వాడుకునేవాడు ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకున్నా ఫలితం ఉండదు. భద్రతలో పెద్ద భాగం మనం డబ్బు చెల్లించేలోపే తేలిపోతుంది. తయారీలో తేలిపోతుంది, బిగింపులో తేలిపోతుంది. నా మాట ఇదే. ఇక దీనికి సాక్ష్యాలు చూపిస్తాను.

సీసీ కెమెరాతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇక్కడున్న ప్రతి దుకాణంలోనూ అది ఉంది. కెమెరా నుంచి తీగ డీవీఆర్ పెట్టెలోకి వెళుతుంది. ఆ పెట్టెలో హార్డ్ డిస్కు ఉంటుంది, అది నిండిపోతే పాత దృశ్యాల మీదే కొత్తవి రికార్డవుతూ పోతాయి. ఆ పెట్టె నుంచి ఇంకో తీగ ఇంటర్నెట్ రౌటర్‌కు వెళుతుంది. బిగించిన మనిషి పెట్టె మీదున్న క్యూఆర్ కోడ్‌ను మీ ఫోనులోని యాప్‌తో స్కాన్ చేయిస్తాడు. ఆ రోజు నుంచి మీరు తిరుపతి వెళ్లినా, అమెరికాలో కొడుకు ఇంట్లో ఉన్నా, ఇక్కడి గల్లాపెట్టె దగ్గర ఎవరున్నారో చూసుకోవచ్చు. మరి ఇక్కడి పెట్టెకూ అక్కడి ఫోనుకూ మధ్య ఏముంది? చాలా సందర్భాల్లో కెమెరా కంపెనీ సర్వర్ ఉంది. అది ఏ దేశంలో ఉంది, దాన్ని ఎవరు నడుపుతున్నారు అన్నది మనలో ఎవరమూ అడగలేదు. అడిగినా అమ్మినవాడికి తెలియదు.

ఇప్పుడు నేను ఒక ప్రశ్న అడుగుతాను, చేతులెత్తవద్దు, మనసులోనే జవాబు చెప్పుకోండి. మీ డీవీఆర్ పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసు? బిగించే కుర్రవాడు ముందు తన ఫోనులో యాప్ పెట్టి, బొమ్మ సరిగా వస్తోందో లేదో చూసుకుంటాడు. తర్వాత మీ ఫోనులో పెడతాడు. తన ఫోనులోంచి తీసేశాడా? ఊళ్లో అతను బిగించిన పెట్టెలన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టాడా? మీరు మర్చిపోయి ఫోను చేస్తే వెంటనే చెప్పడానికి వీలుగా ఉంటుందని, మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటాడు. వెనుకనున్న మిత్రులు నవ్వుతున్నారు. నేను మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. మీకు ఆ పని నేర్పినవారు ఆ పద్ధతే నేర్పారు, పెట్టె తయారుచేసినవారు ఆ పద్ధతికి వీలు కల్పించారు.

దీనివల్ల ఏమవుతుందో గుజరాత్‌లో చూశాం. 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీ కెమెరా దృశ్యాలు యూట్యూబ్‌లో కనిపించాయి. డాక్టరు పరీక్షిస్తున్నప్పటి, ఇంజెక్షన్ ఇస్తున్నప్పటి దృశ్యాలవి. పూర్తి వీడియోలు కావాలంటే డబ్బు చెల్లించమని టెలిగ్రామ్ గ్రూపుల్లో బేరం పెట్టారు. పోలీసులు తీగ లాగితే వేరే రాష్ట్రాల్లో ఉన్నవారు దొరికారు. వాళ్లు ఆ ఆసుపత్రిలో అడుగు కూడా పెట్టలేదు. ఆ కెమెరా వ్యవస్థ పాస్‌వర్డ్ ‘అడ్మిన్123’ అని పత్రికల్లో వచ్చింది. ఆ ఆసుపత్రికి వెళ్లిన స్త్రీలు ఏ జాగ్రత్త తీసుకుని ఉంటే ఇది జరిగి ఉండేది కాదు? చెప్పండి. ఏ లింకు నొక్కకుండా ఉండాలి, ఏ ఓటీపీ చెప్పకుండా ఉండాలి? వారు చేయగలిగినది ఏమీ లేదు. కెమెరాను పరీక్ష గదిలో పెట్టాలని నిర్ణయించినవారు చేయగలిగింది ఉంది, పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసినవారు చేయగలిగింది ఉంది. అన్నిటికంటే ముందు, పాస్‌వర్డ్ మార్చనిదే పనిచేయని పెట్టెను తయారుచేయగలిగి కూడా తయారుచేయనివారు చేయగలిగింది ఉంది.

తయారీదారు మీద ఇంత భారం వేస్తున్నానేమిటని కొందరికి అనిపించవచ్చు. దానికి జవాబు 2016లో ఉంది. ఆ సంవత్సరం అమెరికాలో ముగ్గురు కుర్రవాళ్లు, ఇక్కడి విద్యార్థుల వయసువాళ్లే, ‘మిరాయ్’ అనే ఒక ప్రోగ్రాము రాశారు. వాళ్ల ఉద్దేశం దేశాల మీద యుద్ధం కాదు. మైన్‌క్రాఫ్ట్ అనే ఆట ఉంది కదా, పిల్లలు దిమ్మలు పేర్చుకుంటూ ఆడేది, ఆ ఆటకు సర్వర్లు నడిపే వ్యాపారంలో పోటీదారులను పడగొట్టడం వాళ్లకు కావలసింది. ఆ ప్రోగ్రాము ఏం చేసేదో కొంచెం దగ్గరగా చూద్దాం. ఇంటర్నెట్ చిరునామాలను ఇష్టం వచ్చినట్టు ఎంచుకుని ఒక్కొక్కదాని తలుపు తట్టేది. దూరం నుంచి పరికరంలోకి ప్రవేశించడానికి వాడే టెల్నెట్ అనే పాత మార్గం తెరిచి ఉంటే, తన దగ్గరున్న 60 చిల్లర యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జంటలను వరుసగా ప్రయత్నించేది. అంతే. గొప్ప గణితమేమీ లేదు, ఎవరికీ తెలియని లోపాన్ని కనిపెట్టడమూ లేదు. అడ్మిన్, అడ్మిన్. రూట్, 12345. ఇలాంటి జంటలే. వాటితోనే అది ఉచ్ఛస్థితిలో సుమారు 6 లక్షల పరికరాలను చేజిక్కించుకుంది. వాటిలో కెమెరాలు, డీవీఆర్‌లు, ఇంటి రౌటర్లు ఎక్కువ.

2016 అక్టోబరు 21న మిరాయ్ చేజిక్కించుకున్న పరికరాలు డైన్ అనే కంపెనీ మీద ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. వెబ్‌సైటు పేరు కొడితే దాని చిరునామా ఎక్కడుందో చెప్పే సేవ ఆ కంపెనీది. ఆ సేవ కుప్పకూలేసరికి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్ వంటివి అమెరికాలో చాలామందికి గంటల తరబడి అందలేదు. ఎక్కడో ఒక దుకాణంలో దొంగలను పట్టడానికి పెట్టుకున్న కెమెరా ఈ దాడిలో పాల్గొంటోందని ఆ దుకాణదారుకు తెలుసా? తెలియదు. అతని కెమెరా బొమ్మ ఎప్పటిలాగే వస్తోంది. నష్టం ఇంకొకరిది, పెట్టె ఇతనిది. అందువల్ల అతనికి దాన్ని సరిచేయాలన్న తొందర కూడా ఉండదు. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, చట్టాల సంగతి వచ్చినప్పుడు మళ్లీ కావాలి.

మిరాయ్ దగ్గరున్న జంటల్లో ఒకటి ‘రూట్, ఎక్స్‌సీ3511’. దీని సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చైనాలోని హాంగ్జౌకు చెందిన షియోంగ్‌మాయ్ కంపెనీ డీవీఆర్‌లకూ కెమెరాలకూ లోపలి బోర్డులు తయారుచేసి, వేరే వేరే కంపెనీలకు అమ్మేది. ఆ కంపెనీలు తమ తమ పేర్లు అచ్చేసుకుని బజారులో పెట్టేవి. బ్రాండు మారినా లోపలి బోర్డు అదే, బోర్డుతో పాటు ఈ పాస్‌వర్డూ అదే. యజమాని యాప్‌లోకి వెళ్లి తన పాస్‌వర్డ్ మార్చుకున్నా, ఇది మారేది కాదు, ఎందుకంటే ఇది యజమానికి కనిపించే పాస్‌వర్డ్ కాదు, ఫర్మ్‌వేర్ లోపల, అంటే పరికరంలో ముందే నింపి అమ్మే సాఫ్ట్‌వేర్‌లో, రాసి పెట్టినది. జాగ్రత్తపరుడైన యజమాని, నిర్లక్ష్యంగా ఉండే యజమాని, ఇద్దరూ ఇక్కడ సమానమే. దాడి తర్వాత ఆ కంపెనీ అమెరికాలో తన ఉత్పత్తులు కొన్నిటిని వెనక్కి తీసుకుంటానని ప్రకటించింది. అప్పటికే ఎన్నో పేర్లతో అమ్ముడైపోయిన వస్తువును వెనక్కి తీసుకోవడం ఎంతవరకు సాధ్యమో వ్యాపారం చేసేవారు మీరే ఊహించగలరు.

మిరాయ్ రాసిన ఆ ముగ్గురూ 2017 డిసెంబరులో నేరం ఒప్పుకున్నారు. అయితే పట్టుబడటానికి చాలా ముందే ఆ ప్రోగ్రాము మూల కోడ్‌ను ఇంటర్నెట్‌లో పారేశారు. దాని పిల్లలూ పిల్లల పిల్లలూ ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి.

సరే, లోపాలు లేకుండా సాఫ్ట్‌వేర్ రాయడం ఎవరివల్లా కాదు, విద్యార్థులకు ఇది మీ అధ్యాపకులు చెప్పే ఉంటారు. కాబట్టి అసలు పరీక్ష లోపం బయటపడిన తర్వాత మొదలవుతుంది. దాన్ని సరిచేసే అప్‌డేట్ వస్తుందా, వస్తే ఆ పరికరానికి చేరుతుందా? మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న విండోస్‌లోని ఒక లోపానికి మందు విడుదల చేసింది. మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై దాడి ఆ లోపాన్నే వాడుకుంది. మధ్యలో దాదాపు రెండు నెలలు గడువు ఉంది. అయినా 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు చిక్కుకున్నాయి. మన రాష్ట్రంలో కూడా చిత్తూరు, కృష్ణా, గుంటూరు వంటి జిల్లాల్లో కొన్ని పోలీసు కంప్యూటర్లు మొరాయించాయి. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 19 వేలకు పైగా అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని అక్కడి ఆడిట్ సంస్థ అంచనా కట్టింది. స్కానింగ్ యంత్రం లాంటి వైద్య పరికరం లోపల పాత విండోస్ ఉంటుంది. దాన్ని ఆసుపత్రివారు ముట్టుకోకూడదు, అమ్మిన కంపెనీయే వచ్చి మార్చాలి. కంపెనీ రాదు. ఇక్కడ జాగ్రత్త ఎవరు పడాలి?

ఇంకో ఉదాహరణ కారుది. 2015 జూలైలో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు, హైవే మీద పోతున్న జీప్ చెరోకీ కారును కొన్ని మైళ్ల దూరంలో ఇంట్లో కూర్చుని ఆపి చూపించారు. నడుపుతున్న విలేకరికి ముందే చెప్పి చేసిన ప్రయోగమే అది, కంగారు పడకండి. పాటలు వినిపించే తెర ఇంటర్నెట్‌కు కలిసి ఉంది, అందులోంచి లోపలికి దిగి ఇంజను వరకూ వెళ్లారు. ఆ తర్వాత కంపెనీ 14 లక్షల వాహనాలను సరిచేయవలసి వచ్చింది. ఎలా సరిచేసిందో తెలుసా? యజమానులకు పోస్టులో పెన్‌డ్రైవ్ పంపింది, లేదంటే డీలర్ దగ్గరికి తీసుకురమ్మంది. దాడి చేసేవాడు గాలిలోంచి కారులోకి వెళ్లగలిగాడు, తయారుచేసినవాడి మందు మాత్రం పోస్టులో వెళ్లవలసి వచ్చింది. పరికరాన్ని ఇంటర్నెట్‌కు కలపాలని ఉత్సాహపడినవారికి, దాన్ని సురక్షితంగా అప్‌డేట్ చేసే దారి వేయాలన్న ఆలోచన ముందే రాలేదన్నమాట.

మన పొలాల్లో మొబైల్ స్టార్టర్లు వచ్చాయి. బోరు మోటారు పెట్టెలో సిమ్ కార్డు ఉంటుంది, ఇంట్లోంచి ఫోను చేస్తే మోటారు నడుస్తుంది. రాత్రివేళ కరెంటు వచ్చినప్పుడు చీకట్లో, పాముల మధ్య పొలానికి వెళ్లే బాధ తప్పించిన వస్తువది. నేను దాన్ని తక్కువ చేయను. కానీ ఆ పెట్టె ఏ నంబరు నుంచి కాల్ వచ్చినా ఒప్పుకుంటుందా, నమోదు చేసిన నంబరుకే ఒప్పుకుంటుందా? కొనేటప్పుడు రైతు అడగవలసిన ప్రశ్న ఇది. నిజానికి రైతు అడగవలసిన అవసరం లేకుండా, రెండోదే తప్ప మొదటిది కుదరని విధంగా పెట్టె తయారు కావాలి.

ఇప్పుడు విద్యార్థుల వైపు తిరుగుతాను. మీలో చాలామంది రెండు మూడేళ్లలో హైదరాబాదులోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ రాస్తూ ఉంటారు. మీరు రాసేది ఎంత, తెచ్చి వాడేది ఎంత? పది పంక్తులు మీరు రాస్తే, దాని కింద వేరేవాళ్లు రాసిన వేల పంక్తులు ఉంటాయి. లాగ్4జే అనే ఒక జావా లైబ్రరీ, అంటే తెచ్చి వాడుకునే రెడీమేడ్ కోడ్, ఉంది. ప్రోగ్రాములో ఏం జరుగుతోందో రోజువారీ చిట్టాలాగా రాసిపెట్టడమే దాని పని. 2021 డిసెంబరులో దానిలో ఒక లోపం బయటపడింది. చిట్టాలో రాయడానికి వచ్చిన మాటలో ఒక ప్రత్యేకమైన పదబంధం ఉంటే, ఆ లైబ్రరీ బయటి సర్వర్‌కు వెళ్లి అక్కడి కోడ్‌ను తెచ్చి నడిపేది. తీవ్రతలో పదికి పది వచ్చిన లోపమది. దాన్ని దుర్వినియోగం చేయడం తొలిగా గమనించిన చోట్లలో మళ్లీ ఆ మైన్‌క్రాఫ్టే ఉంది. ఆటలో ముచ్చట్లు పెట్టుకునే పెట్టెలో ఆ మాట టైపు చేస్తే చాలింది. ఆ వారాల్లో ప్రపంచమంతా కంపెనీల్లో అడిగిన మొదటి ప్రశ్న, ‘దీన్ని ఎలా సరిచేయాలి’ అన్నది కాదు. ‘అసలు ఇది మన దగ్గర ఎక్కడెక్కడ ఉంది’ అన్నది. చాలామంది దగ్గర జవాబు లేదు. కిరాణా కొట్టులో సరుకు జాబితా రాసుకుంటారు, కోట్ల రూపాయల సాఫ్ట్‌వేర్‌కు మాత్రం లోపల ఏ సరుకు ఉందో జాబితా లేదు. మీరు మీ ప్రాజెక్టులకైనా ఆ జాబితా ఉంచుకోండి. ఏ లైబ్రరీ, ఏ వెర్షన్, ఎక్కడి నుంచి తెచ్చారు, అంతే చాలు.

ఇంకొకటి. పాస్‌వర్డ్‌లనూ తాళాల్లాంటి కీలనూ కోడ్‌లో రాసి వదిలేయడం. ‘ఇప్పటికి ఇలా ఉండనీ, తర్వాత తీసేద్దాం’ అంటారు. తీయరు. 2016లో ఊబర్ విషయంలో జరిగింది ఇదే. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటులోని కంపెనీ సొంత కోడ్‌లోకి వెళ్లినవారికి అందులో అమెజాన్ క్లౌడ్ కీ దొరికింది, దానితో 5 కోట్ల 70 లక్షల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు చేతికి చిక్కాయి. కంపెనీ దొంగలకు లక్ష డాలర్లు ఇచ్చి నోరు మూయించింది. లోకానికి చెప్పింది ఏడాది తర్వాత, 2017 నవంబరులో. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరగడం అంటారు మనవాళ్లు, ఇక్కడ ఆరు నెలలకు కూడా మొరగలేదు. ఆ దాపరికానికి అప్పటి భద్రతాధికారిని 2022 అక్టోబరులో అమెరికా జ్యూరీ దోషిగా తేల్చింది. భద్రతాధికారి హోదాలో ఉన్న వ్యక్తి కోర్టు మెట్లెక్కింది దొంగతనం జరిగినందుకు కాదు, చెప్పనందుకు. ఉద్యోగాల్లో చేరబోయేవారు ఈ తేడాను బాగా గమనించాలి.

డేటా భద్రత అంటే రహస్యం బయటికి పొక్కకుండా చూడటమే అనుకుంటాం. కావలసిన సమయానికి డేటా అందుబాటులో ఉండటం కూడా భద్రతే. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు మూగబోయాయి. దేశం నలుమూలల నుంచి రోగులు వచ్చే చోట ఓపీ నమోదు, పరీక్షల నివేదికలు, బిల్లులు అన్నీ రోజుల తరబడి చేత్తో రాయవలసి వచ్చింది. అయిదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల డేటాకు దాడి చేసినవారు తాళం వేసేశారు. పార్లమెంటులో ప్రభుత్వం చెప్పిన కారణం వినండి: నెట్‌వర్క్‌ను సరిగా భాగాలుగా విడదీయకపోవడం. అంటే ఒక గదిలోకి దూరినవాడికి అన్ని గదుల తలుపులూ తెరిచే ఉన్నాయి. చివరికి ఆదుకున్నది ఏమిటి? దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్. దానిలోంచే ఈ-హాస్పిటల్ డేటాను తిరిగి తెచ్చారు. ఆ బ్యాకప్ కూడా మిగతావాటితో పాటే తగులుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికే భయం వేస్తుంది. దుకాణదారులకు కూడా ఇది వర్తిస్తుంది. వచ్చినవాళ్లకు ఇచ్చే వైఫైలోనే బిల్లింగ్ కంప్యూటరూ డీవీఆరూ కలిసి ఉన్నాయా, విడిగా ఉన్నాయా? రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ అని వేరుగా పెట్టుకునే వీలు చాలావాటిలో ఉంది. బిగించేవారు దాన్ని అడగకుండానే పెట్టాలి.

పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. వేలిముద్ర పోతే? ఇది మన రెండు రాష్ట్రాలకూ అనుభవమైన విషయం కాబట్టి కొంచెం సేపు ఇక్కడ ఆగుతాను. భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీద అమ్మినవారి, కొన్నవారి వేలిముద్రలు ఉంటాయి, ఆధార్ నంబర్లు ఉంటాయి. పారదర్శకత కోసం ఆ దస్తావేజుల నకళ్లను ఆన్‌లైన్‌లో అందుబాటులో ఉంచారు. మంచి ఉద్దేశమే. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల పంపిణీదారు ఆ నకళ్లను దింపుకుని, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో వేలిముద్రల అచ్చులు పోసి, వేల సిమ్‌లను ఇతరుల పేర్ల మీద యాక్టివేట్ చేశాడు. తన అమ్మకాల లక్ష్యం పూర్తి చేసుకోవడానికి! ఆ తర్వాత ఇదే పద్ధతిని ఆధార్‌తో డబ్బు తీసే మార్గానికి వాడిన ముఠాలు వచ్చాయి. ఆ పద్ధతిలో బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ అక్కరలేదు. ఊళ్లో వృద్ధులకు, చదువు రానివారికి అదెంతో మేలు చేసింది. ఆ మేలే కన్నం కూడా అయింది.

పింఛను డబ్బు పోగొట్టుకున్న ముసలమ్మ ఎవరికైనా ఓటీపీ చెప్పిందా? లేదు. ఆమె చేసిన పని పొలం అమ్ముకోవడమే. ఆ ముద్రను కనపడకుండా చేసి నకలు పెట్టవలసింది వ్యవస్థ. ఎదుట ఉన్నది సజీవమైన వేలా, రబ్బరు ముక్కా అని కనిపెట్టవలసింది యంత్రం. 2023 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ వేలి గీతలతో పాటు వేలి బొమ్మను కూడా చూసి, అది ప్రాణమున్న వేలేనా అని పరీక్షించే పద్ధతి తెచ్చింది. వేలిముద్ర తీసుకున్న పరికరం లోపలే దాన్ని గుప్తీకరించి పంపే ఎల్1 తరగతి యంత్రాలు వచ్చాయి. పాత తరగతిలో ఆ పని పక్కనున్న ఫోనులోనో కంప్యూటర్‌లోనో జరిగేది, అక్కడ దారి కాచేవాడికి వీలుండేది. చూశారా, నిజమైన మందు పడినప్పుడల్లా అది యంత్రంలోనే పడింది. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ కూడా ఉంది, వాడుకోండి, మీ ఇంట్లో పెద్దవాళ్లకు పెట్టివ్వండి. కానీ లాక్ పెట్టుకోవడం తెలియని మనిషి డబ్బుకు కూడా భద్రత ఉండాలి కదా?

ఇక చట్టాలు. బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి, ఇంటర్నెట్‌కు కలిసే గృహ పరికరాలను అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్‌తో అమ్మడాన్ని నిషేధించింది. ఎంతకాలం భద్రతా అప్‌డేట్లు ఇస్తారో అమ్మేటప్పుడే చెప్పాలని కూడా నియమం పెట్టింది. ఇలాంటి పరికరాల భద్రత కోసం ఐరోపా సమాఖ్య చేసిన చట్టంలోని ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు నుంచి తయారీదారులకు వర్తిస్తాయి. మన దేశంలో 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. మంచి అడుగు. అయితే ఇప్పటికే గోడలకు ఉన్న కెమెరాల సంగతి ఆ నియమం చూడదు, వాటిని మనమే చూసుకోవాలి. భద్రతకు సంబంధించిన ఘటన జరిగితే ఆరు గంటల్లో తనకు తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లోనే ఆదేశించింది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, తగిన భద్రతా ఏర్పాట్లు చేయని సంస్థకు రూ.250 కోట్ల వరకు జరిమానా పడవచ్చు. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. ఈ చట్టంలో నాకు నచ్చని అంశం ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. ఆ జరిమానా సొమ్ము భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ఖజానాకు జమ అవుతుంది. డేటా పోగొట్టుకున్న మనిషికి అందులోంచి పైసా రాదు. పైగా పాత ఐటీ చట్టంలో నష్టపరిహారం అడగడానికి ఆధారమైన 43ఏ సెక్షన్‌ను ఈ చట్టం తొలగిస్తోంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడ కలుస్తుంది. తప్పు ఒకరిదీ నష్టం ఇంకొకరిదీ అయినప్పుడు, చట్టం ఆ రెండిటినీ కలపాలి. నష్టపోయినవారికి పరిహారం ఇవ్వవలసి వస్తే, తయారీదారు తన లెక్కలో భద్రతను కూడా ఖర్చుగా వేసుకుంటాడు. లేకపోతే వేసుకోడు. నా అభిప్రాయం ఇది, న్యాయవాదులు ఎవరైనా ఉంటే తర్వాత వాదించుకుందాం.

దుకాణదారులు ఒకరు సభకు ముందే నన్ను అడిగారు, ‘ఇవన్నీ పెడితే కెమెరా ధర పెరగదా అండీ’ అని. కొంత పెరగవచ్చు. ఒక్కో పెట్టెకు ఒక్కో పాస్‌వర్డ్ పుట్టించి అడుగున చీటీ అంటించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అయిదేళ్లపాటు అప్‌డేట్లు ఇవ్వడానికి మాత్రం నిజంగానే ఖర్చవుతుంది, ఆ పనికి మనుషులను పెట్టుకోవాలి. చవక కెమెరాలో మిగిలిన డబ్బు ఈ రెండో దాన్ని తగ్గించగా వచ్చినదే. అందుచేత ఈసారి కొనేటప్పుడు ఎన్ని మెగాపిక్సెళ్లు అని అడిగిన తర్వాత, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారని కూడా అడగండి. బిగింపు పూర్తయిన రోజున అడ్మిన్ పాస్‌వర్డ్ మీరే మీ చేత్తో మార్చుకోండి, బిగించినవారి ఫోనులోంచి యాప్ అనుమతి తీయించండి. ఈ రెండూ బిల్లు మీదే రాయించుకోండి. బిగించే మిత్రులకు నా మనవి, వారు అడగకముందే మీరే రాసి ఇవ్వండి, పాస్‌వర్డ్ మర్చిపోయినవారికి మళ్లీ వెళ్లి రీసెట్ చేసినందుకు విడిగా డబ్బు తీసుకోండి, అది న్యాయమైన సంపాదనే. ఇప్పుడు ప్రశ్నలు అడగండి, ముందు వెనుక వరుసవారికి మైకు ఇద్దాం.